కొమ్మలన్నీ తూర్పుకే ఉండే కొండ

మా ఎడిసన్‌లో ఎవరైనా ట్రిప్‌కి వెళ్లొస్తే సోమవారం పొద్దున్నకల్లా గ్రూపు నిండా ఫోటోలు పడతాయి. నేను ఒక్కటీ పెట్టలేదు. "వెస్ట్ వర్జీనియానా? అక్కడేముంది?" అని అడిగినవాళ్లకి ఏం చెప్పాలో తెలియక "ఏదో కొండ" అని ఊరుకున్నాను. నిజానికి అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. జలపాతం లేదు, రోప్‌వే లేదు, ఫోటో తీసుకునే మెట్లు లేవు. గాలి, నాచు, తెల్ల బండలు, మోకాలెత్తు పొదలు, అంతే. డాలీ సాడ్స్ అంటారు. వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను గానీ, వెళ్లి చూసి రండని మాత్రం ఎవరికీ చెప్పను.

ముందే ఒక మాట. నేను కృష్ణా జిల్లా దాన్ని. మా వైపు కాలవ గట్టే పెద్ద ఎత్తు. కొండలంటే నాకు చిరాకు, నడకంటే ఇంకా చిరాకు. ఈ దేశం వచ్చాక మా ఆయన ఎన్ని పార్కులకి లాక్కెళ్లినా కార్‌లో కూర్చుని జీడిపప్పు తింటూ ఉండేదాన్ని. అలాంటిదాన్ని బోలెడంత బురద తొక్కి వచ్చానంటే దానికి కారణం సుజన.

ఎడిసన్

సుజన మా వెనక అపార్ట్‌మెంట్లలో ఉంటుంది. వరంగల్ అమ్మాయి, నాకంటే చాలా చిన్నది, అక్కా అంటుంది. ఆమె భర్త వేణు నిరుడు అక్టోబర్ చివర్లో ఆ కొండ మీద చనిపోయాడు. ఒక్కడే వెళ్లాడు. వానా మంచూ కలిసి కురిసిన రోజు. వాలంటీర్లు వెతగ్గా వెతగ్గా మూడో రోజు దొరికాడు. అప్పటికి ఉద్యోగం పోయి కొన్ని వారాలైంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. రోజూ బ్యాగ్ తగిలించుకుని ఆఫీస్‌కని బయల్దేరేవాడు. ఆ పొద్దున కూడా వర్జీనియాలో క్లయింట్ మీటింగ్ ఉంది, రేపు వస్తానని చెప్పి వెళ్లాడు.

మావాళ్లు మంచివాళ్లే, ఆ మాట ఒప్పుకోవాలి. నెల్లాళ్లు వంటలు చేసి తెచ్చారు, బాడీని ఇండియా పంపే పనంతా చూశారు, పిల్లని స్కూల్‌కి దింపారు. దాంతోపాటు అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. ఎవరడిగినా హార్ట్ ఎటాక్ అని చెప్పాలని. అది ఎవరి నోట మొదట వచ్చిందో తెలియదు గానీ వారం తిరిగేసరికి ఇండియాలో బంధువుల దాకా అదే ఖాయమైపోయింది. తొమ్మిదేళ్ల కూతురు ఆద్యకీ అదే చెప్పారు. సుజన హాల్లో కూర్చుని ఉంటే ఎవరూ ఆ కొండ పేరెత్తేవాళ్లు కాదు. వంటింట్లోకి వచ్చాక మాత్రం గిన్నెలు కడుగుతూ చెవులు కొరుక్కునేవాళ్లు.

సంవత్సరీకం ఇంకా నెల ఉందనగా ఒక ఆదివారం సుజన మా ఇంటికొచ్చింది. టీ ఇస్తే తాగలేదు.

"అక్కా, మాసికాలన్నీ అయిపోతున్నయి. సంవత్సరీకం లోపట ఆ జాగ ఒక్కసారి చూడాలె. ఒక్కదాన్నే పోలేను. నువ్వొస్తవా?"

నాలాంటిదాన్ని కొండకి రమ్మనడం ఏమిటని లోపల అనుకున్నాను. పైకి వస్తానన్నాను. మా ఆయన నా మోకాళ్ల గురించి ఏదో అనబోయాడు. ఆద్యని చూసుకుంటే చాలు, నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటానని చెప్పాను.

హారిస్‌బర్గ్ దాటాక

శుక్రవారం లీవ్ పెట్టి బయల్దేరాం. పులిహోర, పెరుగన్నం, మాగాయ సీసా, ఫ్లాస్క్‌లో కాఫీ. మా ఆయన నడిపితే నోరు మూసుకుని ఉండలేను గానీ సుజన డ్రైవ్ చేస్తుంటే నాకు మాట పెగల్లేదు. హైవేకి రెండు వైపులా ఆకులు రంగు మారుతున్నాయి. వేరే వాళ్లతో వెళ్తే ఈపాటికి పదిసార్లు ఆపించి ఫోటోలు తీయించేదాన్ని.

రెస్ట్ ఏరియాలో బల్ల మీద పులిహోర విప్పాం. పక్క బల్ల దగ్గర ఒక ముసలి దంపతులు కుక్కకి ఐస్‌క్రీం తినిపిస్తున్నారు. ఆవిడ మా డబ్బా వైపు చూసి వాసన బాగుందంది. నేను కాస్త పెడితే ఇద్దరూ తిన్నారు. పల్లీలు ఎందుకు వేశారని ఆయన, ఇంత పసుపేమిటని ఆవిడ. మనవైపైతే రుచి చూసి ఊరికే బాగుందని అనేస్తారు, వీళ్లు ప్రశ్నలడుగుతారు. మంచి పద్ధతే అనుకున్నాను.

వాళ్లు వెళ్లిపోయాక సుజన చేతిలో స్పూన్ అలాగే పట్టుకుని అంది.

"అక్కా, నిన్నొకటి అడుగుత. నిజం చెప్పు. ఆయన ఆడికి చావడానికే పోయిండా? లేకపోతే పోయి, అట్ల అయిపోయిందా?"

 నీళ్లు తాగాను. నాకు తెలియదన్నాను, తెలియని మాట నిజమే.

"అందరూ హార్ట్ ఎటాక్ అన్నరు. హార్ట్ ఎటాక్ కాదని నాకూ ఎరుకే, చెప్పేటోళ్లకూ ఎరుకే. మరి ఎందుకన్నరు? చెప్పుకోరాని చావు అనుకున్నరు గాబట్టే అన్నరు. పోస్ట్‌మార్టం రిపోర్ట్‌ల యాక్సిడెంటల్ అని రాసిన్రు. ఇర్వింగ్‌ల ఉండే మా బావగారు ఫోన్ చేసి, అట్ల రాసుడు మన అదృష్టం, ఇగ దాన్ని కదపకు అన్నరు. దేన్ని కదపొద్దన్నట్టు? ఫోన్ కార్‌ల పెట్టి పోయిండు. దారి వదిలి ఎటో పోయి పొదలల్ల పడున్నడు. దారి తప్పినోడు దారి కోసం చూస్తడు గదా."

నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"నాకు ఉన్నది ఒక్కటే బాధ అక్కా. ఆద్యకు రేపు పదేళ్లొస్తయి, పన్నెండొస్తయి. ఇంటర్నెట్‌ల అన్నీ ఉంటయి. మా నాన్న నన్ను వద్దనుకుని పోయిండా అని అడుగుతది. ఏం చెప్పాలె?"

ఇంకేం తినలేదు. డబ్బా మూతపెట్టి ఇద్దరం కార్ ఎక్కాం.

పీటర్స్‌బర్గ్

వెస్ట్ వర్జీనియాలోకి రాగానే కొండలు మీద మీదికి వచ్చేస్తాయి. పెట్రోల్ పోయించుకోడానికి ఆగిన చోట ఆకలికి ఆగలేక ఒక బన్ను కొన్నాను. పైకి ఏమీ లేదు, మామూలు రొట్టెలా ఉంది. సగం కొరికాక లోపల మాంసం తగిలింది. కౌంటర్లో అబ్బాయిని అడిగితే పెపరోని అన్నాడు, పంది, ఆవు రెండూ అట. పూర్వం బొగ్గు గనుల్లోకి దిగేవాళ్లు చేతిలో పట్టుకెళ్లే తిండట ఇది. బయట డస్ట్‌బిన్ దగ్గర నేను నోరు పుక్కిలిస్తుంటే సుజన ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వింది. ఆ మాత్రానికి నా నోరు అపవిత్రమైనా ఫరవాలేదనుకున్నాను.

పీటర్స్‌బర్గ్ చిన్న ఊరు. ఒకటే పెద్ద వీధి. వరండాల్లో కుర్చీలు, కుర్చీల్లో మనుషులు. కార్ దిగి నడుస్తుంటే ప్రతివాళ్లూ పలకరించారు. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఇంతమంది మనవాళ్లు ఉంటారా, ఒక్కరు మొహం ఎత్తి చూడరు. ఇక్కడ మమ్మల్ని ఎరగనివాళ్లు, మాలాంటివాళ్లని కూడా పెద్దగా ఎరగనివాళ్లు చెయ్యెత్తి పలకరిస్తుంటే నాకు ఎందుకో బెరుకుగా అనిపించింది. మోటెల్‌లో పడుకున్నాం. సుజన నిద్రపోయిందో లేదో నేను అడగలేదు.

పొద్దున్నే ఎదురుగా ఉన్న హోటల్లో టిఫిన్. బక్‌వీట్ కేక్స్ అని రాసుంటే తెప్పించాను. రాత్రంతా పులియబెట్టిన పిండితో పోసిన అట్లు. నల్లగా, పుల్లగా, అచ్చం మా అమ్మమ్మ మిగిలిపోయిన పిండితో వేసే పుల్లట్టు. వీళ్లు దాని మీద వెన్న, తేనెలాంటి పాకం పోసుకుంటారు. నేను బ్యాగ్‌లోంచి మాగాయ తీశాను. తొమ్మిది డాలర్లకి రెండు పెద్ద అట్లు, కాఫీ ఎంత కావాలంటే అంత. వడ్డించే ఆవిడ కాఫీ పోస్తూ అడిగింది, ఆకులు చూడ్డానికొచ్చారా అని. ఈ నెలలో వచ్చేవాళ్లందరూ అందుకే వస్తారట.

"అవును," అంది సుజన.

అక్కడికే కేథీ వచ్చింది. నిరుడు వేణుని వెతికిన వాలంటీర్లలో ఒకావిడ. రిటైరైన నర్సు, పొట్టి జుట్టు, మగవాళ్ల బూట్లు. అప్పట్లో సుజనకి తన నంబర్ ఇచ్చి, ఎప్పుడైనా రావాలనిపిస్తే ఫోన్ చేయమందట. సుజనకి ఫోన్ చేయడానికి ఇన్నాళ్లు పట్టింది. కేథీ ఎదురుగా కూర్చుని పరామర్శ మాటలేం చెప్పలేదు. నా కాళ్ల వైపు చూసి, ఆ బూట్లతో రాలేరని చెప్పి, తన ట్రక్‌లోంచి ఇంకో జత తెచ్చి ఇచ్చింది. ఒక సైజు పెద్దవి. రెండు జతల సాక్సులు వేసుకుని తొడుక్కున్నాను.

పైకి

కేథీ ట్రక్ ముందు, మేం వెనక. మట్టి రోడ్డు మెలికలు తిరుగుతూ అడవిలోంచి ఎక్కుతుంది. కింద ఓక్ చెట్లు, ఎండ, పిట్టలు. ఎక్కేకొద్దీ చలి. చెవులు దిబ్బెళ్లు పడ్డాయి. చివరి మలుపు తిరిగేసరికి అడవి అయిపోయింది, ఎండ అయిపోయింది, కార్ ముందు తెల్లగా పొగమంచు. వైపర్లు వేసుకుని పాక్కుంటూ వెళ్లాం.

కొండంటే పైకి శిఖరం ఉంటుందనుకుంటాం కదా. దీనికి లేదు. ఎవరో తలకాయ కోసేసినట్టు పైన అంతా బల్లపరుపు. ఆ బల్లకి తూర్పు అంచు వెంబడే ఈ రోడ్డు ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. రోడ్డుకి తూర్పున ఒక్కసారిగా లోయ. పడమటి వైపు ఎంత దూరం చూసినా బీడు. రోడ్డుకి ఇటు పడ్డ వాన వాషింగ్టన్ పక్కన పారే నదిలో కలుస్తుందని, అటు పడ్డ వాన ఎక్కడెక్కడో తిరిగి మిసిసిప్పీలో కలుస్తుందని కేథీ కార్ దిగాక చెప్పింది. రెండు గజాల తేడాలో పడ్డ చినుకులు ఇంక ఒకదాన్నొకటి చూసుకోవట.

దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యం ఇక్కడ ఫిరంగులు ప్రాక్టీస్ చేసిందట. పేలని గుళ్లు ఇంకా అక్కడక్కడా భూమిలో ఉండొచ్చు, కనబడితే ముట్టుకోకండి అని రాసుంది. చదివి నేను కేథీ అడుగులో అడుగు వేసి నడవాలని నిశ్చయించుకున్నాను.

"వేణు ఎంఎస్ ఇదే స్టేట్‌ల, మోర్గన్‌టౌన్‌ల చేసిండక్కా," అంది సుజన జాకెట్ జిప్ పైకి లాగుతూ. "అప్పుడు ఫ్రెండ్స్ అందరూ ఈడికే వస్తుండిరట. టెంట్ వేసుకుని, మ్యాగీ చేసుకుని. నన్ను తీస్కపోత తీస్కపోత అంటుండె. నేనే ఆడేమున్నది చూసెటందుకు అన్న."

సాడ్స్ మీద

దీనికి తెలుగులో ఏం మాట అనాలా అని నడుస్తున్నంతసేపూ ఆలోచించాను. అడవి కాదు. మైదానం కాదు. బీడు అందామంటే అడుగు వేస్తే నీళ్లు ఊరతాయి. ఒకప్పుడు ఇదంతా ఆకాశమంత ఎత్తు, సూదుల్లాంటి ఆకుల స్ప్రూస్ చెట్ల అడవట. రైలు వేసి మొత్తం నరికి పట్టుకుపోయారు. తర్వాత నిప్పంటుకుని మట్టి కూడా కాలిపోయింది. కింద రాయి మిగిలింది. ఆ రాయి మీద ఇప్పుడు నాచు, బ్లూబెర్రీ పొదలు, గడ్డి, వాటి మధ్య ఎముకల్లాంటి తెల్ల బండలు. అక్టోబర్ కాబట్టి పొదలన్నీ ఎర్రగా ఉన్నాయి. మైళ్ల కొద్దీ ఎరుపు, దాని మీద పొగమంచు. బాగుంది అనడానికి నోరు రాలేదు. తోడు ఎవరూ లేకుండా ఆ చోట పది నిమిషాలు నిలబడమంటే నేను నిలబడను.

చెట్లు లేకపోలేదు. ఎక్కడో ఒకటి, ఎక్కడో గుంపుగా నాలుగు. అవి మాత్రం చూసి తీరాలి. మాను నిటారుగానే ఉంటుంది. ఒక వైపు మాత్రం ఒక్క కొమ్మ ఉండదు, దువ్వేసినట్టు నున్నగా ఉంటుంది. ఉన్న కొమ్మలన్నీ రెండో వైపుకే. ఏ చెట్టు చూసినా అంతే, అన్నీ ఒకే వైపుకి.

"గాలి ఎప్పుడూ పడమటి నుంచే," అంది కేథీ. "ఆ వైపు మొగ్గ వేస్తే మంచు కొరికేస్తుంది. అందుకే ఇటే పెరుగుతాయి."

దారి అంటే నిజానికి వాగే. రాళ్ల మీద గెంతుకుంటూ పోవాలి. నేను ఒక చోట రాయి జారుతుందేమోనని పక్కన పచ్చగా మెత్తగా కనబడిన నాచు మీద కాలు వేశాను. మోకాలి దాకా దిగిపోయింది. లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. కేథీ బోర్లా పడుకుని చేతులు పెట్టి దాన్ని తవ్వి తీసింది. లోపల సాక్సు పిండితే కాఫీ రంగు నీళ్లు కారాయి. ఆ చలికి వేళ్లు మొద్దుబారిపోయాయి. నా చేతిలో వేడి కాఫీ ఫ్లాస్క్ ఉంది, పక్కన ఇద్దరు మనుషులున్నారు, ఎండాకాలం వెళ్లి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. అయినా ఏడుపొచ్చింది. వేణుకి ఏమనిపించి ఉంటుందో అనుకున్నాను గానీ ఆ మాట నోరు జారకుండా జాగ్రత్త పడ్డాను.

ఎదురుగా ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చారు, వీపున పెద్ద పెద్ద బ్యాగులు. క్రాన్‌బెర్రీలు ఏరుకున్నారట, గుప్పెడు మా చేతుల్లో పోశారు. పచ్చి చింతకాయ కూడా వాటి ముందు తీపే. పళ్లు పులిశాయి. వాళ్లలో ఒకడు ఫోన్ చేతిలో ఊపుతూ పైన ఎక్కడా సిగ్నల్ లేదని, కార్‌లో పెట్టి వచ్చినా సరిపోయేదని అన్నాడు. సుజన ఆ అబ్బాయి వైపే చూస్తూ నిలబడిపోయింది. వాళ్లు మంచులోకి వెళ్లిపోయాక కూడా అటే చూస్తోంది.

ఆ చోటు

కాసేపటికి కేథీ దారి వదిలింది. లారెల్ పొదల్లోకి దూరింది. నడుమెత్తు పొదలు, కొమ్మలు కాళ్లకి ముళ్లకంచెలా అడ్డం పడతాయి. చీలమండలు గీరుకుపోయాయి. ఒక్కో అడుగుకి తల ప్రాణం తోకకొచ్చింది. అలా వెళ్లి వెళ్లి ఒక పెద్ద తెల్ల బండ దగ్గర ఆగింది. దాని పక్కన రెండు స్ప్రూస్ చెట్లు.

"ఇక్కడ," అంది. "ఈ బండకి చేరగిలబడి ఉన్నాడు."

అంతే చెప్పి దూరంగా వెళ్లి మాకు వీపు పెట్టి నిలబడింది. సుజన బండని చేత్తో తాకింది. కూర్చుంది. బ్యాగ్‌లోంచి పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్లు తీసి పెట్టింది. అగ్గిపుల్ల వెలిగించాలని చూసింది, గాలికి నిలవలేదు. ఊరుకుంది. కళ్లల్లో నీళ్లు లేవు. చుట్టూ కలియజూసింది.

"చూడక్కా. దారి యాడున్నది, ఇదెక్కడ. ఎవరన్న తప్పిపోయి ఈడికొస్తరా? కావాలని వస్తేనే వస్తరు." గొంతులో కోపం. "ఇంత దూరం వచ్చి, ఎవరికీ దొరకొద్దని గీ పొదలల్లకు వచ్చి కూర్చున్నడు."

 చల్లబడిపోతున్న ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుని పక్కన కూర్చున్నాను. అప్పుడు వినబడింది. కంకర మీద టైర్ల చప్పుడు. పొగమంచులో దగ్గరగా, స్పష్టంగా. గేరు మార్చిన శబ్దం కూడా.

సుజన లేచి నిలబడింది.

"అక్కా, అది కారా?"

కేథీ ఇటు తిరిగింది. సుజన ఇంగ్లీషులో అడిగింది, రోడ్డు ఎటని. కేథీ చెయ్యి చాపింది. ఆ చెయ్యి చూపించిన వైపుకే ఆ రెండు చెట్ల కొమ్మలన్నీ ఉన్నాయి.

"ఇదిగో, ఈ పొదలు దాటితే రోడ్డే," అంది కేథీ. "మనం దారి పట్టుకుని చుట్టు తిరిగి వచ్చాం. అతను దారి వదిలేసి అడ్డంగా రోడ్డు కోసం వచ్చేశాడు. ఆ మంచులో దారి కనబడదు. తెలివిగా చెట్లని చూసుకుంటూ వచ్చాడు. ఇంకాస్త ఉంటే రోడ్డెక్కేవాడు. తడిసి చలి పట్టేసినవాళ్లు ఇలాగే కాసేపు కూర్చుందామనుకుంటారు."

 కేథీ మా ఇద్దరి మొహాలూ చూసింది.

"అతను కార్ దగ్గరికి వస్తున్నాడని మాకందరికీ ఆ రోజే తెలుసు. మీకు ఎవరూ చెప్పలేదా?"

ఎవరు చెప్తారు. అడిగితే కదా చెప్పేది. వాళ్లకి అందులో అనుమానమే లేదు, కాబట్టి చెప్పాలని తోచలేదు. మాకు అనుమానం తప్ప ఇంకేం లేదు, కాబట్టి ఒక్కరం ఫోన్ చేసి అడగలేదు. నెల్లాళ్లు ఇరవై కుటుంబాలు ఆ పిల్ల ఇంటికి కూరలు మోసుకుంటూ వెళ్లాయి గానీ ఈ ఒక్క మాట మోసుకెళ్లినవాళ్లు లేరు. నాకు మా అందరి మీదా ఒళ్లు మండిపోయింది.

సుజన చెట్టు దగ్గరికి వెళ్లి ఒక కొమ్మ పట్టుకుంది.

"తూర్పు," అంది. "అక్కా, ఎవరు ఇల్లు కొన్నా ఓపెన్ హౌస్‌కు ఈయన్నే తీస్కపోతుండిరి, యాదున్నదా? అందరూ ఫోన్‌ల కంపాస్ తీసి గుమ్మం ముందర గిరగిర తిరుగుతుంటే ఈయన ఉత్తగనే నిలబడి తూర్పు ఇటు అంటుండె. నాకు వాస్తు నమ్మకం లేదు గానీ దిక్కు తెల్వనోడు మనిషే కాదు అంటుండె. నేను నవ్వుతుంటి."

నాకు గుర్తుంది. మా ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు కూడా అలాగే హాలు మధ్యలో నిలబడి చెప్పాడు. మా ఆయన కంపాస్ తీసి సరిచూసుకుని సరేనన్నాడు.

సుజన బండ దగ్గరికి తిరిగి రాలేదు. కేథీ చూపించిన వైపుకి పొదల్లోకి దూరింది. కొమ్మలు చేతులతో తోసుకుంటూ, పడుతూ లేస్తూ. కేథీ ఆపలేదు. ఇద్దరం వెనకే వెళ్లాం. ఎంతో దూరం లేదు. మొహం గీరుకుపోయి, మోకాళ్లు మట్టి కొట్టుకుని మేం రోడ్డు మీదికి వచ్చి పడ్డాం. సుజన వెనక్కి తిరిగి వచ్చిన వైపు చూసింది. మంచులో బండ కనబడలేదు. అక్కడ కంకర మీదే కూలబడి ఏడ్చింది. మనిషి పోయిన రోజు కూడా అలా ఏడవడం నేను చూడలేదు.

కిందికి

కేథీ దగ్గర సెలవు తీసుకున్నాం. బూట్లు విప్పి ఇవ్వబోతే ఉంచుకోమంది, వద్దన్నా వినలేదు. సుజన ఆవిడకి మాగాయ సీసా ఇచ్చేసింది. ఏం చేసుకుంటుందో ఏమో. మూత తీసి వాసన చూసి, జాగ్రత్తగా ట్రక్‌లో ముందు సీటు మీద పెట్టుకుంది.

ఈసారి నేను డ్రైవ్ చేశాను. కిందికి దిగుతుంటే మళ్లీ ఎండ, మళ్లీ ఓక్ చెట్లు. నా మనసు కాస్త తేలికపడింది. ఆ అమ్మాయికి కావలసిన జవాబు దొరికింది కదా, ఇంక నిద్రపోతుంది అనుకున్నాను. ఆ మాటే అన్నాను.

"లేదక్కా," అంది సుజన అద్దంలోంచి బయటికి చూస్తూ. "చావాలని పోయిండు అనుకున్నప్పుడు ఆయన మీద కోపం ఉండె. పొద్దున లేస్తే కోపం, పండుకుంటే కోపం. ఆ కోపంతోటే ఉద్యోగం చేసిన, పిల్లను చూసుకున్న. ఇప్పుడు కోపం గూడ పాయె. ఇంటికే వస్తుండె గదా పాపం. ఇప్పుడు ఎవర్ని తిట్టాలె?"



పీటర్స్‌బర్గ్ దగ్గర పడగానే ఫోన్లకి ప్రాణం వచ్చింది. అప్పటికే మా ఇంటి నుంచి రెండు మిస్డ్ కాల్స్. రోడ్డు పక్కన ఆపిల్స్ అమ్మే బండి దగ్గర కార్ ఆపాను. సుజన తిరిగి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ఆద్య ఎత్తింది. అంకుల్ మాడిపోయిన దోసె పెట్టాడని కంప్లెయింట్. తర్వాత, ఎక్కడున్నారు, ఏం చూశారని అడిగింది.

సుజన నా వైపు చూసింది. ఊపిరి తీసుకుంది.

"బిడ్డా, నాన్న ఉన్న కొండ కాడికి పోయినం. నీకు హార్ట్ ఎటాక్ అని చెప్పినం గదా. అది కాదు. నాన్న హైకింగ్‌కి పోయిండు. ఆడ పొగమంచుల తప్పిపోయిండు. చాలా చలి. ఇంటికే వస్తుండె. కారు కాడికే నడుచుకుంట వస్తుండె. మన దగ్గరికే."

అవతల టీవీలో కార్టూన్ చప్పుడు, మా ఆయన ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు.

"నాన్న లాస్ట్ అయ్యాడా?" అంది ఆద్య. దానికి తెలుగు తెలుసు, మాట చివర్లు మాత్రం దాని ఇష్టం. "వన్ డే మొత్తం?"

"ఊఁ."

"అయితే నువ్వు పికప్ చేయడానికి ఎందుకు వెళ్లలేదు, అమ్మా?"

నేను స్టీరింగ్ పట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాను. ఆపిల్స్ అమ్మే ముసలాయన మేం దిగుతామేమోనని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నన్ను పిలువలే బిడ్డా," అంది సుజన. "ఒక్కసారి పిలిచినా ఉరుక్కుంట పోతుంటి."